హరారే అమ్మమ్మల బల్ల

"మనోవ్యాధికి మందు లేదు" అనునది తెలుగునాట తరతరములుగా వినవచ్చుచున్న సామెత. దూరదేశమునకు పోయిన కొడుకు కబురు తెలియక కుములు తల్లిని జూచియు, అప్పులపాలై పొలము గట్టున తలపట్టుకొని కూర్చున్న రైతును జూచియు, అత్తవారింట మాట పడి మౌనము దాల్చిన కోడలిని జూచియు పెద్దలు ఈ మాట అని నిట్టూర్చుట కలదు. సామెతలు ఊరక పుట్టవు. పలుతరముల అనుభవము వాటిలో పేరుకొని యుండును. అయినను కొన్ని సామెతలు సగము సత్యమును చెప్పి ఊరకుండును. తక్కిన సగమును వెదకికొనుట వినువాని పని. దిగులుకు అంగడిలో దొరకు మందు లేదనుట ఒకటి. దానిని తీర్చు ఉపాయమే లేదనుట వేరొకటి. మొదటి మాటలో కొంత నిజము కలదు. రెండవది నిజము కాదని, ఆఫ్రికా ఖండమున జింబాబ్వే రాజధానియైన హరారే నగరములో పదునలుగురు ముదుసలి స్త్రీలు నిరూపించిరి.

వారు వైద్యవిద్య నభ్యసించినవారు కారు. వాడవాడల తిరిగి ఆరోగ్యసూత్రములను చెప్పుచుండెడి కార్యకర్తలు. వారి భాషయైన షోనాలో అట్టివారిని 'అంబుయ ఉటానో' అందురు. 'అంబుయ' అనగా అమ్మమ్మ, నాయనమ్మ. 'ఉటానో' అనగా ఆరోగ్యము. ఆరోగ్యపు అమ్మమ్మలన్నమాట. మన 'అంబ'కును వారి 'అంబుయ'కును గల ధ్వనిసామ్యము కాకతాళీయమే గాని, వినుటకు ఇంపుగానే యున్నది. 2006లో ఈ అమ్మమ్మలు వైద్యశాల ఆవరణలో ఆరుబయట వేసిన కొయ్యబల్లమీద కూర్చుండి, దుఃఖితులు చెప్పుకొను మాటలను వినుట ప్రారంభించిరి. పది సంవత్సరములు గడచునప్పటికి ఆ బల్ల ప్రపంచ వైద్యపత్రికల కెక్కినది.

బస్సు ఛార్జీ

ఈ బల్లకు మూలపురుషుడు డిక్సన్ చిబాండా అను మానసిక వైద్యుడు. కోటికి మించిన జనసంఖ్య గల ఆ దేశమున ఆనాడు మానసిక వైద్యులు పదిమందికి కాస్త అటునిటుగా మాత్రమే ఉండిరి. వారును రాజధానిలోని పెద్ద ఆసుపత్రుల దాటి పోలేని స్థితి. 2005లో చిబాండా చికిత్స చేయుచుండిన ఒక యువతి ఆత్మహత్య చేసికొనెను. ఆమె మరల ఆసుపత్రికి రావలసి యుండెను, రాలేదు. ఎందుకు తీసికొని రాలేదని తల్లి నడుగగా, బస్సు ఛార్జీకి పదునైదు డాలర్లు చేతిలో లేకపోయినవని ఆ తల్లి చెప్పెను. ఈ సంగతిని ఆయన తరువాతి కాలమున పలు సభలలో తానే చెప్పుకొనిరి. మందు ఉన్నది, వైద్యుడున్నాడు, రోగమేదో తెలిసినది. అయినను ఒక ప్రాణము పదునైదు డాలర్ల దూరమున ఆగిపోయినది. రోగి వైద్యము వద్దకు రాలేనప్పుడు వైద్యమే రోగి వద్దకు పోవలెనను నిశ్చయము ఆ దుఃఖములో నుండి పుట్టినది.

ఆ సంవత్సరమే జింబాబ్వే ప్రభుత్వము నగరములలోని అనుమతిలేని గుడిసెలను, చిల్లరదుకాణములను కూల్చివేయు ఉద్యమము నొకదానిని సాగించెను. దానికి పెట్టిన పేరునకు చెత్తను తుడిచివేయుట అని అర్థము. ఇల్లో, బ్రతుకుతెరువో, లేక రెండునో కోల్పోయినవారు సుమారు 7 లక్షలని ఐక్యరాజ్యసమితి పంపిన ప్రతినిధి నివేదించెను. అంతకుమునుపే ఎయిడ్స్ వ్యాధి ఆ దేశమును పీల్చి పిప్పి చేసియుండెను. 1990ల చివరినాటికి అచ్చటి పెద్దవారిలో ఇంచుమించు నాలుగవ వంతుమంది శరీరములలో ఆ క్రిమి యుండెను. తల్లిదండ్రులు పోగా మనుమలను సాకుచున్న ముసలమ్మలు వాడవాడకు కనబడిరి. హరారేలోని అంబారే అను పేదల పేట ఈ కష్టములన్నింటికిని కూడలి.

ఆ పేటలోని మనస్సులకు ఏమైనను చేయవలెనని చిబాండా తలపెట్టినప్పుడు ఆయనకు లభించినది స్వల్పము. వైద్యశాలలలో నర్సులకు తీరిక లేదు. లోపల ఒక గదియైనను ఖాళీ లేదు. మిగిలినవారు ఈ పదునలుగురు అమ్మమ్మలు. మిగిలిన స్థలము ఆరుబయలు. లేమి చూపిన దారియే తరువాత అన్నింటికంటె మేలైన దారియని తేలినది. చదువుకొన్న పడుచువాండ్రు ఉద్యోగములకై వలస పోవుదురు. అమ్మమ్మలు పేటను విడిచి పోరు. వారికి ఏ ఇంటి కథ యేమిటో తెలియును. వారి తలనెరపునకు పేటలో గౌరవము కలదు. పైగా, వారు పడని కష్టము లేదు.

పేరు పెట్టుటలోని నేర్పు

ఆరంభమున ఆ బల్లకు వైద్యుడు పెట్టిన పేరు 'మానసిక ఆరోగ్యపు బల్ల'. ఆ పేరు వినినవారెవ్వరును దానిమీద కూర్చుండుటకు ముందుకు రాలేదు. పిచ్చివారి బల్లయని నలుగురును అనుకొందురన్న భయము. అప్పుడు అమ్మమ్మలే పేరు మార్పించిరి. షోనాలో దానిని 'చిగరో చెకుపనమజానో' అనిరి. ఒకరికొకరు ఆలోచన చెప్పుకొను బల్ల యని దాని భావము. లోకమునకు అది 'స్నేహపు బల్ల'గా తెలిసినది. బల్ల అదే, కూర్చుండు అమ్మమ్మ ఆమెయే; పేరు మారగానే జనులు వచ్చిరి.

తెలుగువారికి ఈ సంగతి వింతగా తోచరాదు. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖపట్టణములో చినవాల్తేరు మానసిక వైద్యాలయములున్న స్థలములు. ఆ వైద్యాలయములలో ఎందరో స్వస్థులై ఇండ్లకు పోయినారు. కాని మన నోట ఆ ఊళ్ల పేర్లు తిట్లుగా మారినవి. తోడివానిని వెక్కిరింపదలచినవాడు అతనిని అక్కడికి పంపుడనును. దోషము ఆ స్థలములది గాదు, మన నాలుకది. అయినను ఫలము మాత్రము రోగి అనుభవించుచున్నాడు. నిద్రపట్టని తల్లిని అక్కడికి తీసికొని పోవుటకు కొడుకు సంకోచించును. పోయినను బంధువులతో వేరొక ఊరి పేరు చెప్పును.

పేరుతోపాటు రోగమునకు పెట్టు మాటను గూర్చియు అమ్మమ్మలు పట్టుదల చూపిరి. వైద్యగ్రంథములలోని ఆంగ్లపదములు పేటలో పనికిరావని వారనిరి. తమ భాషలో 'కుఫుంగిసిస' అను మాట ముందే కలదనిరి. షోనాలో 'ఫుంగ' అను ధాతువునకు తలచుట, ఆలోచించుట అని అర్థము. దానికి ఆధిక్యమును తెలుపు ప్రత్యయము చేరగా 'అతిగా ఆలోచించుట' అను అర్థము సిద్ధించినది. భర్తకు పని పోయినది, బిడ్డకు జ్వరము తగ్గలేదు, ఇంటి అద్దె బాకీ పడినది. ఈ మూడును మనస్సులో గానుగెద్దువలె తిరుగుచుండును; రాత్రి తెల్లవారును, నిద్ర రాదు. ఇదే కుఫుంగిసిస. పేటవాసులకు ఇది రోగమును, రోగకారణమును రెండును. ఈ మాటకు గల బలమెట్టిదనగా, 2013లో వెలువడిన అమెరికా మానసిక వైద్యుల రోగనిర్ణయ గ్రంథమునందు సైతము దీనికి స్థానము లభించినది.

తెలుగులోను ఇట్టి మాటలకు కొరత లేదు. దిగులు వేరు, బెంగ వేరు, చింత వేరు. దూరమైన మనిషిని గూర్చి పడునది బెంగ. పుట్టింటిపై బెంగ పెట్టుకొన్న కొత్తకోడలు చిక్కి సగమగును. ముందేమగునో యను భయము కలిసినది దిగులు. తీరని పనిని గూర్చి తవ్వుకొనుచుండునది చింత. కలత, కుమిలిపోవుట, మనసు విరుగుట యని ఇంకను ఎన్నియో కలవు. వీనినన్నింటిని 'డిప్రెషన్' అను ఒక్క మాటలో పోసినప్పుడు వైద్యునకు సౌకర్యము కలుగవచ్చును. చెప్పుకొనువారికి నోరు మూతపడును. బెంగయని చెప్పుకొనుటకు ఎవరును సిగ్గుపడరు. మనోరోగమని చెప్పుకొనుటకు సిగ్గుపడనివారు అరుదు. దుఃఖితుడు తన దుఃఖమునకు తాను పెట్టుకొన్న పేరుతోనే సంభాషణము మొదలుకావలెనని హరారే అమ్మమ్మలు గ్రహించిన సూక్ష్మము.

అడుగుట, వినుట

బల్లమీద జరుగు పని చూచుటకు సులభము. వైద్యశాలకు ఏదో యొక బాధతో వచ్చినవారిని ముందుగా 14 ప్రశ్నలు అడుగుదురు. ఆ వారములో అతిగా ఆలోచించుట జరిగినదా, చిన్నవిషయమునకే కోపము వచ్చినదా, పీడకలలు వచ్చినవా, కడుపునొప్పి యున్నదా, ఏడ్పు వచ్చినదా, పనులు వెనుకబడినవా, ఏమి చేయుటకును తోచకున్నదా, ప్రాణము తీసికొనవలెనని తోచినదా – ఇట్టివి ఆ ప్రశ్నలు. సమాధానములలో తొమ్మిదియో, అంతకు మించియో 'అవును' అని వచ్చినచో వారిని బల్ల వద్దకు పంపుదురు. ఆత్మహత్య తలంపు బలముగా ఉన్నవారిని మాత్రము అమ్మమ్మ తన చేతిలో ఉంచుకొనక, పైనున్న శిక్షితులకు వెంటనే అప్పగించును.

బల్లమీద మొదటి మెట్టునకు 'మనస్సు తెరచుట' అని పేరు. వచ్చినామె తన కష్టములన్నింటిని చెప్పుకొనును, అమ్మమ్మ వినును. ఉదాహరణమునకు, భర్త చనిపోయి, తనకును అదే వ్యాధి యున్నదని తెలిసిన ఒక స్త్రీ వచ్చినదనుకొందము. అద్దె బాకీ యున్నది. బిడ్డను బడినుండి పంపివేసినారు. అత్తవారు మాటలాడుట లేదు. అమ్మమ్మ అడుగును: "ఇన్నింటిలో నేడు నీకు మిక్కిలి బరువుగా నున్నది ఏది తల్లీ?" ఆమె కొంతసేపు ఆలోచించి బిడ్డ బడి అని చెప్పును. "దానికి ఏమేమి చేయవచ్చునో నీవే చెప్పు." బడిపెద్దను కలిసి గడువు అడుగవచ్చును, అన్నను సాయమడుగవచ్చును, వారమునకు కొంత దాచవచ్చును. వానిలో ఏది ముందు చేయుదువు, ఎప్పుడు చేయుదువు, ఎవరిని వెంటబెట్టుకొని పోవుదువు అని అమ్మమ్మ అడుగును. ఆమె లేచి పోవునప్పుడు ఆమె చేతిలో ఒక చిన్న పని యుండును. మరుసటి వారము మరల వచ్చి, ఆ పని యేమైనదో చెప్పును. ఇట్లు ఆరు పర్యాయములు. తక్కిన రెండు మెట్లకు 'పైకి లేపుట' అనియు, 'బలపరచుట' అనియు పేర్లు.

ఇందులో కఠినమైన భాగము అమ్మమ్మదే. పెద్దవారికి సలహా చెప్పుట ఊపిరి పీల్చుటవంటిది. "నా మాట విని ఇట్లు చేయుము" అను వాక్యము నాలుక చివర సిద్ధముగా నుండును. ఆ వాక్యమును మింగి, ఎదుటి మనిషి తన దారిని తాను కనుగొనువరకు ఓర్చుకొనుట నేర్వవలసిన విద్య. వారికిచ్చిన కొలది దినముల శిక్షణలో సారమిదియే. చెప్పిన పరిష్కారము పరాయిది; తాను కనుగొన్నది స్వంతము. ఒక చిన్న చిక్కును తన చేతితో విప్పుకొన్నామెకు, రెండవ చిక్కును విప్పగలనను ధైర్యము దానంతట అదే కలుగును.

ఆరు పర్యాయములు ముగిసిన పిమ్మట ఆ స్త్రీ ఒంటరిగా మిగులదు. బల్లమీద కూర్చుండి లేచినవారే కూడి యేర్పరచుకొన్న మండలి యొకటి కలదు. దాని పేరునకు 'అందరము చేయి చేయి పట్టుకొందము' అని భావము. వారు గుండ్రముగా కూర్చుండి, పారవేసిన ప్లాస్టిక్కును దారముగా చేసి సంచులల్లుచు మాటలాడుకొందురు. సంచి అమ్ముడుపోయినచో నాలుగు డబ్బులు వచ్చును. కష్టము చెప్పుకొనుటకు చేతిలో పని యున్నప్పుడు నోరు తేలికగా విచ్చుకొనునని, మన ముంగిళ్లలో విస్తళ్లు కుట్టిన స్త్రీలకు ఎవరును చెప్పనక్కరలేదు.

పరీక్షకు నిలిచిన మాట

మంచిమాటలవలన మనస్సు తేలికపడునని ఎవరైనను అందురు. అది నిజముగా రోగమును తగ్గించునా యని తేల్చుటకు పరీక్ష కావలెను. 2014 సెప్టెంబరు మొదలుకొని హరారేలోని 24 వైద్యశాలలలో అట్టి పరీక్ష జరిగినది. పండ్రెండింటిలో బల్ల వేసిరి. పండ్రెండింటిలో మామూలు వైద్యమునకు మరికొంత శ్రద్ధ చేర్చిరి. ఎచ్చట బల్ల వేయవలెనో వైద్యులు ఎన్నుకొనలేదు, చీటీలు వేసిన పద్ధతిన నిర్ణయించిరి. మొత్తము 573 మంది ఇందులో చేరిరి. వారిలో అధికసంఖ్యాకులు స్త్రీలు. నూటికి నలుబదిమందికి పైగా హెచ్.ఐ.వి. సోకినవారు.

ఆరు నెలల పిమ్మట చూడగా, 14 ప్రశ్నలకు బల్ల లేని చోట సగటున సుమారు 9 'అవును'లు వచ్చినవి. బల్ల ఉన్న చోట 4కు లోపుగనే వచ్చినవి. కుంగుబాటు లక్షణములు మిగిలియున్నవారు బల్ల లేని చోట ఇంచుమించు సగముమంది. బల్ల ఉన్న చోట నూటికి 14 మంది మాత్రమే. ఈ ఫలితములు 2016 డిసెంబరులో అమెరికా వైద్యసంఘపు పత్రికలో వెలువడినవి. అటుపిమ్మట మలావీ, జాంజిబార్ మొదలుకొని న్యూయార్కు నగరము వరకు ఇట్టి బల్లలు వెలసినవి. ప్రతిచోట కూర్చుండువారు మారిరి. జింబాబ్వేలోనే పడుచువారికొరకు పడుచువారినే శిక్షితులను చేసిరి. ఇరువదియేండ్ల విద్యార్థి తన ప్రేమభంగమును అమ్మమ్మతో చెప్పుకొనుటకు సిగ్గుపడును గదా! ఒకే అచ్చులో పోసిన సేవ అందరికిని సరిపడదు. సరియైన బల్ల, సరియైన మాట, సరియైన మనిషి అను మూడును ఆయా జనసముదాయమునుండియే రావలెను.

బల్లకు గల హద్దులు

ఇంత మాత్రమున అన్ని మనోవ్యాధులును మాటతోనే పోవునని భ్రమపడరాదు. లేని కంఠములు వినబడుట, అకారణముగా ఎదుటివారు చంపజూచుచున్నారని భయపడుట, ఉన్మాదము, తీవ్రమైన కుంగుబాటు – వీనికి వైద్యుడు కావలెను, మందు కావలెను. సామెత పుట్టిననాడు అట్టి మందులు లేకపోయి యుండవచ్చును; 1950ల నుండి ఒకటొకటిగా వచ్చినవి. అమ్మమ్మలకు నేర్పిన విద్యలో, తమ చేత కానిదేదో గుర్తించి పైకి పంపుట ముఖ్యభాగము.

ఈ గుర్తింపు లేనిచో ఏమగునో మన దేశమే చూచినది. తమిళనాడులోని రామనాథపురము జిల్లా ఎర్వాడిలో ఒక దర్గా యున్నది. మనోరోగులను అక్కడికి తెచ్చుట పూర్వాచారము. చుట్టును వెలసిన ప్రైవేటు ఆశ్రమములలో రోగులను గొలుసులతో కట్టి ఉంచెడివారు. 2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున అట్టి ఆశ్రమమొకటి అంటుకొనెను. కట్టుబడి యున్నవారు పారిపోలేకపోయిరి. 28 మంది ప్రాణములు పోయినవి. ఆ రోగుల బంధువులందరును కఠినహృదయులు కారు. దగ్గరలో చూపించుకొను చోటు లేక, దూరమున నున్నదానికి పోయి నిలువలేక, చివరకు గొలుసుకు అప్పగించినవారే వారిలో పలువురు. హరారే తల్లికి బస్సు ఛార్జీ లేకపోయినది. వీరికి దారియే లేకపోయినది. 2017లో పార్లమెంటు చేసిన మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము మనోరోగిని గొలుసులతో కట్టుటను నిషేధించినది. సమాజములో నలుగురితో కలిసి జీవించు హక్కును, ప్రభుత్వమువలన వైద్యము పొందు హక్కును అతనికి ప్రసాదించినది.

బల్లకు మరియొక హద్దు కలదు. ఆకలికి మాట విరుగుడు కాదు. అద్దె బాకీ వలన కలిగిన దిగులు, వినినంత మాత్రమున తీరదు, అద్దె తీరవలెను. అమ్మమ్మలున్నారు గదా యని ప్రభుత్వములు వైద్యులను నియమింపక, నిధులు తగ్గించి, సేవను ముసలమ్మల దయకు వదలినచో అది బల్లకు చేసిన ద్రోహమగును. వినువారికిని మనస్సుండును. ఒకదాని వెనుక ఒకటిగా పదిమంది దుఃఖమును విన్న అమ్మమ్మ మనస్సు ఇంటికి పోవునప్పుడు ఎంత బరువెక్కునో ఆలోచింపవలెను. ఆమెకును చెప్పుకొనుటకొక చోటు, ఆమె శ్రమకు తగిన ప్రతిఫలము ఉండవలెను.

తెలుగునేలపై

హరారే బల్లకును భారతదేశమునకును సంబంధము లేకపోలేదు. బల్ల వద్ద అడుగు ఆ 14 ప్రశ్నలను 1990లలో షోనా జనుల మాటలనుండియే ఏర్చికూర్చినవారిలో ముఖ్యుడు ముంబయిలో పుట్టిన విక్రమ్ పటేల్ అను వైద్యుడు. ఆయన అచ్చటినుండి మరలివచ్చి, గోవాలో 1996లో 'సంగత్' అను సంస్థ స్థాపనకు కారకులలో ఒకరైరి. ఆ సంస్థ సామాన్యులకు శిక్షణనిచ్చి, ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో కుంగుబాటుకు చికిత్స చేయించి, అదియు ఫలించునని పరీక్షలతో నిరూపించినది.

అంతకు ముందే దక్షిణాదిని మరియొక ప్రయత్నము జరిగెను. భారత ప్రభుత్వము 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమమును ప్రకటించిన పిమ్మట, బెంగుళూరులోని జాతీయ మానసిక వైద్యసంస్థవారు 1985 నుండి 1990 వరకు బళ్ళారి జిల్లాలో దానిని ఆచరణలో పెట్టి చూచిరి. నటుడు రాఘవ పేరుతో తెలుగువారికి చిరపరిచితమైన బళ్ళారియే అది. ఊరి ఆరోగ్యకేంద్రమునందలి సాధారణ వైద్యునకు, కార్యకర్తకు నేర్పి, మనోరోగిని ఊరిలోనే చూచు పద్ధతి ఫలించునని అచ్చట తేలినది. ఆ అనుభవముతో 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము నాలుగు జిల్లాలలో ఆరంభమైనది. ఆ నాలుగింటిలో ఒకటి నాటి ఆంధ్రప్రదేశ్‌లోని, నేటి తెలంగాణలోని మెదక్ జిల్లా.

పశ్చిమగోదావరి జిల్లాలో 2014 తరువాత జరిగిన ప్రయత్నము హరారేకు మరింత దగ్గరది. జార్జ్ సంస్థ అను పరిశోధనసంస్థవారు ఆ జిల్లాలోని 30 గిరిజన గ్రామములలో ఆశా కార్యకర్తలకు శిక్షణనిచ్చిరి. ఆశా ఇంటికి పోయి, చేతిలోని పలకవంటి యంత్రమును జూచి, నిద్రను గూర్చియు దిగులును గూర్చియు ప్రశ్నలడుగును. బాధ యున్నదని తేలినవారిని ఆరోగ్యకేంద్రపు వైద్యుని వద్దకు పంపును. మనోవ్యాధి సిగ్గుపడవలసినది కాదని తెలుపుటకు గ్రామములలో నాటకమాడించిరి. బాధ యున్నట్లు తేలినవారు 238 మంది. అంతకుముందు వారిలో వైద్యసహాయము కోరినవారు ఇద్దరు; ఈ ప్రయత్నము తరువాత 30 మంది. ముప్పది పెద్దసంఖ్య కాదు. అయినను, ఇద్దరు ముప్పదిమంది యగుటకు కొత్త ఆసుపత్రి కట్టవలసిన పని లేకపోయినది. గడపలోనికి వచ్చి అడిగిన ఒక పరిచిత స్త్రీ చాలినది.

చేయవలసినది కొండంత మిగిలియున్నది. 2015–16లో 12 రాష్ట్రములలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్యసర్వే ప్రకారము పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఏదో యొక మనోవ్యాధితో బాధపడుచున్నారు; వారిలో అధికసంఖ్యాకులకు ఏ చికిత్సయు అందుట లేదు. ఆ రాష్ట్రములలో తెలుగు రాష్ట్రములు లేవు గాని, మన ఇరుగుపొరుగును జూచినవారికి ఆ లెక్క నమ్మదగనిదిగా తోచదు. భర్త గల్ఫుదేశమునకు పోగా ఒంటరిగా ఇల్లు నడుపుచున్న కరీంనగరు స్త్రీకిని, పంట పోయిన కౌలురైతునకును, మగ్గము ఆగిన చేనేత కార్మికునికిని, మార్కులు తగ్గిన ఇంటర్మీడియెట్ విద్యార్థికిని, మన్నెములోని గిరిజనునకును దిగులు ఒక్కటే కాదు. వారు దానికి పెట్టుకొను పేర్లును ఒక్కటి కావు. మేనమామతో చెప్పుకొనగలవాడొకడు, ఊరు పేరు తెలియని గొంతుతో మాత్రమే చెప్పుకొనగలవాడు మరియొకడు. అట్టి రెండవవానికొరకు 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము 'టెలి-మానస్' అను ఉచిత దూరవాణీ సేవను ప్రారంభించినది. 14416 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును.

పూర్వము తెలుగు ఇంటికి వీధివైపున అరుగు ఉండెడిది. పొద్దువాలినప్పుడు ముసలమ్మ దానిమీద కూర్చుండి, వత్తులు చేసికొనుచు, దారిన పోవు పిల్లను పిలిచి "ఏమే, ముఖము వాడినది?" అని అడిగెడిది. ఆ అరుగుమీద ఓదార్పుతోపాటు చాడీలును పుట్టినవి. కులము దాటి కూర్చుండనీయని అరుగులును ఎన్నియో కలవు. కావున పాత అరుగే తిరిగి రావలెనని కోరుట తగదు. హరారే బల్లలో నున్న విశేషమిదియే: అది ఎవరినైనను కూర్చుండనిచ్చును, విన్నమాటను దాటనీయదు, వినుట నేర్చినవారిని మాత్రమే తన మీద కూర్చుండబెట్టుకొనును, తన చేత కానిదానిని వైద్యునకు అప్పగించును. ఇప్పుడు మన ఇండ్లకు అరుగులు లేవు, ప్రహరీగోడలున్నవి. అయినను ప్రతి ఆరోగ్యకేంద్రపు ఆవరణలో ఒక వేపచెట్టో, కానుగచెట్టో ఉన్నది. దానిక్రింద ఒక బల్ల వేయుటకు పెద్దగా వ్యయము కాదు. దానిమీద కూర్చుండి వినగల అమ్మమ్మలు ప్రతి వాడలోను ఉన్నారు. వారికి విద్య నేర్పుటయు, వారి శ్రమకు వెల కట్టుటయు, వారి వెనుక ఒక వైద్యుని నిలుపుటయు మిగిలిన పని.